పల్లెదారిలో ప్రమాదము – పట్నపు వీధిలో ప్రమాదము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పట్నమునకు పోవు కొడుకుతో తల్లి చెప్పు మాట ఒకటి తెలుగునాట ఇంటింట వినబడును: "రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త నాయనా, అక్కడ బండ్లు ఎక్కువ." ఆ కొడుకే సంక్రాంతికి ఇంటికి వచ్చి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మోటారు సైకిలెక్కి ప్రక్క ఊరి తిరునాళ్ళకు బయలుదేరునప్పుడు ఆమె నోట ఆ హెచ్చరిక రాదు. ఊరి దారి తెలిసిన దారి. పుట్టి పెరిగిన దారి. తెలిసిన దారిలో మృత్యువుండునని ఎవ్వరికిని తోచదు. పట్నమున రోడ్డు భయంకరమైనదనియు, పల్లెలో రోడ్డు సాధువైనదనియు తరతరాలుగా ఒక నమ్మకము స్థిరపడిపోయినది. ఈ నమ్మకము ఎంతవరకు నిజమో పరిశీలించుటయే ఈ ప్రసంగ విషయము.

రోడ్డు ప్రమాదములను గూర్చి కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ ఏటేట ఒక నివేదికను ప్రకటించుచున్నది. దాని ప్రకారము 2022 సంవత్సరమున దేశములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. 1,68,491 మంది మరణించిరి. అనగా దినమునకు సగటున 462 మంది, గంటకు 19 మంది. మరుసటి సంవత్సరము, 2023లో, మృతుల సంఖ్య 1,72,890కి పెరిగినది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 8,293 మందియు, తెలంగాణలో 7,559 మందియు రోడ్లపై ప్రాణములు కోల్పోయిరి. ఇక అసలు సంగతి: ఆ యేటి మృతులలో నూటికి 68 మంది మరణించినది గ్రామీణ ప్రాంతములలోనే. పట్టణ ప్రాంతముల వాటా 32.

ఈ లెక్క వినగానే కొందరు ఆశ్చర్యపడుదురు; కొందరు, "పల్లెలలో జనమే ఎక్కువ గదా, అందుచేత మరణములును ఎక్కువ" అని తేల్చివేయుదురు. రెండవ వారి మాట కొట్టిపారవేయదగినది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశ జనములో నూటికి ఇంచుమించు 69 మంది పల్లెలలో ఉండిరి. తలల లెక్కన చూచినచో పల్లెకును పట్నమునకును తేడా లేనట్లే కనబడును. 2011 తరువాత పట్టణ జనాభా పెరిగినది గనుక పల్లె జనము వాటా కొంత తగ్గి, పల్లె మరణముల వాటా కొంత హెచ్చుగా తేలును. అయినను అది పెద్ద వ్యత్యాసము కాదు. కాని తలల లెక్క ఒక్కటియే చాలునా? పట్నవాసి దినమునకు ఎన్ని మారులు రోడ్డు దాటును? ఎన్ని బండ్ల నడుమ నడచును? పల్లెలో ఒక బండి పోయిన తరువాత మరియొకటి వచ్చుటకు ఒక్కొక్కప్పుడు పావుగంట పట్టును. అంత తక్కువ రాకపోకలు గల చోట, అన్ని బండ్లు క్రిక్కిరిసిన పట్నముతో సమానముగా మనుష్యులు మరణించుచున్నారనిన, పల్లె రోడ్డుపై పోవు ఒక్కొక్క బండి పట్నపు బండి కంటె ఎక్కువ ప్రాణాంతకమని అర్థము.

దీనిని మరియొక లెక్క వలన కూడ సరిచూడవచ్చును. పది లక్షలకు మించిన జనాభా గల 50 నగరములలో 2022లో 76,752 ప్రమాదములు జరుగగా 17,089 మంది మరణించిరి. అనగా నూరు ప్రమాదములకు 22 మంది. ఈ నగరములను తీసివేసి తక్కిన దేశమంతటిని లెక్కించినచో నూరు ప్రమాదములకు 39 మంది మరణించినట్లు తేలును. పెద్ద నగరమున ప్రమాదము జరిగినచో అది చాలమారులు విరిగిన చేయితోనో, వంగిన మడ్గార్డుతోనో ముగియును. నగరము వెలుపల జరిగిన ప్రమాదము శవముతో ముగియుటకు ఇంచుమించు రెండింతల అవకాశము కలదు. చిన్న చిన్న ప్రమాదములు పల్లెలలో పోలీసు స్టేషను వరకు పోకుండ పెద్దమనుష్యుల సమక్షముననే పరిష్కారమగుననియు, అందుచేత ఈ నిష్పత్తి ఉన్నదానికంటె కొంత హెచ్చుగా కనబడుననియు ఎవరైన అన్నచో అది న్యాయమైన ఆక్షేపణయే. ఆ మినహాయింపు నిచ్చినను తేడా పూర్తిగా చెరిగిపోవునది కాదు.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. గ్రామీణ మరణమనగా గ్రామీణుని మరణమని అనుకొనరాదు. లెక్క వ్రాయువారు చూచునది ప్రమాదము జరిగిన చోటును. మృతుని సొంత ఊరిని కాదు. హైదరాబాదునుండి విజయవాడకు కారులో పోవుచు ఏ పొలముల నడుమనో మరణించిన నగరవాసి గ్రామీణ ప్రాంతపు పద్దులో చేరును. అట్లే పట్నములో తాపీపనికి వచ్చి, రాత్రివేళ రోడ్డు దాటుచు మరణించిన పల్లెవాడు పట్టణపు పద్దులో చేరును. కావున ఈ అంకెలను పల్లెవాని అజ్ఞానమునకో, పట్నవాని అహంకారమునకో సాక్ష్యముగా తెచ్చువారు తొందరపడుచున్నారు. రోడ్డు ఎట్టిది, దానిపై వేగమెంత, దెబ్బ తగిలిన తరువాత వైద్యము ఎంత దూరము అను మూడు ప్రశ్నలకే ఈ అంకెలు సమాధానము చెప్పగలవు.

మొదటిది వేగము. పట్నమున బండ్లు ఎక్కువగుట ఒక విధముగా రక్షయే. ముందు బండి, ప్రక్క బండి, ఎర్ర దీపము, గుంపులుగా దాటు జనము—ఇవన్నియు కలిసి బండిని నడకకు దించును. విసుగు పుట్టించునదే ప్రాణము కాపాడుచున్నది. పల్లె వెలుపల రోడ్డు తిన్నగా, ఖాళీగా, నున్నగా ఉండును. చేయి దానంతట అదే యాక్సిలరేటరును త్రిప్పును. 2022 నివేదిక ప్రకారము దేశములో నూటికి 71 మరణములు అతివేగము పద్దులో వ్రాయబడినవి. ప్రమాదములలో మూడింట రెండు వంతులు వంపులేని తిన్నని రోడ్లపైననే జరిగినవి. ఇంచుమించు నాలుగింట మూడు వంతులు మబ్బు, వాన, మంచు లేని నిర్మలమైన వేళనే జరిగినవి. మలుపు వద్ద మనిషి భయపడి నెమ్మదించును. భయపడుటకు ఏమియు కనబడని చోట మాత్రము నెమ్మదింపడు.

వేగమనిన ఏమో అంకెలలో చెప్పిన బోధపడదు గనుక ఊరి భాషలో చెప్పవలెను. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు మనిషి గోడకు తగిలినచో, అది మూడున్నర మీటర్ల ఎత్తునుండి, అనగా పెంకుటింటి కప్పు మీదినుండి నేలపై బడుటతో సమానము. 60 కిలోమీటర్ల వేగమున తగిలినచో 14 మీటర్ల ఎత్తునుండి, అనగా పెరిగిన తాటిచెట్టు పైనుండి పడుటతో సమానము. 80 అయినచో 25 మీటర్లు. అంత ఎత్తు తాటిచెట్టు మన ఊళ్ళలో అరుదు. వేగము రెట్టింపైనప్పుడు దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలు. ఇది ప్రకృతి ధర్మము. ఏ నేర్పరియైన డ్రైవరును దీనిని తప్పించుకొనలేడు. గీత వృత్తివాడు మోకు లేనిదే తాటిచెట్టు ఎక్కడు. ముప్పది యేండ్ల అనుభవమున్నను ఎక్కడు. చెట్టు పైనుండి పడుట యెట్టిదో అతడు కన్నులార చూచినవాడు. అదే మనిషి అదే ఎత్తునకు సమానమైన వేగముతో, తలపై తువ్వాలు చుట్టుకొని, వెనుక భార్యను, ముందు బిడ్డను కూర్చుండబెట్టుకొని మోటారు సైకిలుపై పోవును. అతనికి తెలివి లేక కాదు. చెట్టు ఎత్తు కంటికి కనబడును. వేగము ఎత్తు కనబడదు.

బండి ఆగుటకు పట్టు దూరము కూడ ఇట్టిదే. అపాయము కంటబడినది మొదలు కాలు బ్రేకుపై పడునప్పటికి ఒక్క క్షణమనుకొన్నను, 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి పొడి రోడ్డుపై ఇరువది మీటర్లలో ఆగును. 80 కిలోమీటర్ల వేగముతో పోవు బండికి అరువది మీటర్ల వరకు కావలెను. రాత్రివేళ మోటారు సైకిలు దీపము, దించిన వెలుగులో, అంత దూరము చూపదు. అనగా ఆ వేగముతో పోవువాడు ఆగలేని దూరములోనికి, చూడలేని చీకటిలోనికి పోవుచున్నాడు. ఆ చీకటిలో ఏమున్నది? దీపములు లేని ట్రాక్టరు ట్రాలీ ఉన్నది. టైరు పంక్చరై నిలిచిపోయిన లారీ ఉన్నది. మేతనుండి మరలి వచ్చుచు మంద తప్పిన గేదె ఉన్నది. ఇవన్నియు ఊరివారెరిగినవే. దేశములో ప్రమాదముల రకములలో అన్నిటికంటె పెద్దది వెనుకనుండి గ్రుద్దుట. 2022లో ఐదింట ఒక వంతుకు పైగా ప్రమాదములు అట్టివే. దినములో అన్నిటికంటె ఎక్కువ ప్రమాదములు జరుగు వేళ సాయంకాలము ఆరు మొదలు తొమ్మిది గంటల వరకు. పొలమునుండి బండ్లు మరలువేళయు అదే. ట్రాలీ వెనుక రెండు ఎర్రని రిఫ్లెక్టరు బిళ్ళలకు అగు ఖర్చు ఒక పూట టీ ఖర్చును మించదు.

రోడ్డు నిర్మాణమును గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వలన దేశములో లక్షల కిలోమీటర్ల పల్లెదారులు తారు ముఖము చూచినవి. గర్భిణి ఆసుపత్రికి చేరుటకు, పంట మార్కెట్టుకు చేరుటకు, పిల్లలు హైస్కూలుకు చేరుటకు అది చేసిన మేలు ఇంత అంత కాదు. ఐతే అట్టి రోడ్డు వెడల్పు సాధారణముగా 3.75 మీటర్లు. బస్సు వెడల్పు రెండున్నర మీటర్లకు పైచిలుకు. ఎదురుగా మరియొక బండి వచ్చినచో రెండింటిలో ఒకటి మట్టిలోనికి దిగక తప్పదు. వాన కురిసి తారు అంచు జానెడు లోతున కోసుకొనిపోయిన చోట మోటారు సైకిలు దిగినదనిన బోల్తా పడినదన్నమాటయే. ఒకనాడు గుంతలే వేగమునకు కళ్ళెమై ఉండెను. గుంతలు పూడినవి, కళ్ళెము తెగినది. రోడ్డు వేయుటకు డబ్బు ఇచ్చినవారు మలుపు వద్ద పలకకు, వంతెనకు పిట్టగోడకు, బడి ముందర వేగనిరోధకమునకు అంత ఔదార్యము చూపలేదు. డెల్టా ఊళ్ళలో కాలువగట్టే రోడ్డు. తెలంగాణ మెట్ట ఊళ్ళలో రోడ్డు ప్రక్కనే ఒరలేని మోటబావి. 2018 మార్చి నెలలో నిజామాబాదు జిల్లా మెండోరా వద్ద ఆటో ఒకటి అట్టి బావిలో పడి పదిమందికి తక్కువ కాకుండ మరణించిరి. వారిలో పసిపిల్లలును కలరు. అదే యేడు జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ సమీపమున కూలీలతో పోవుచున్న ట్రాక్టరు కాలువలో బోల్తాపడి పదునైదుగురు మరణించిరి. వారిలో ఇంచుమించు అందరును నాటు పనికి బయలుదేరిన స్త్రీలే. ఆ సంవత్సరమే సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు రోడ్డులో బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా చనిపోయిరి. ఈ మూడును ఆరు నెలల కాలములో తెలంగాణలో జరిగినవి. మూడును పట్నమునకు దూరముగా జరిగినవే.

ఇట్టి ఘోరములు పత్రికల మొదటి పుటలో వచ్చును; మంత్రులు వచ్చెదరు; పరిహారము ప్రకటింపబడును. కాని అంకెలను పెంచునవి ఇవి కావు. ఒక్కొక్కడుగా, ఒక్కొక్క రాత్రి, ఒక్కొక్క ఊరి పొలిమేరలో పోవుచున్న ప్రాణములే లక్షా అరువది ఎనిమిది వేలు. వారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనములపై పోవువారు. ఇంచుమించు 20 మంది కాలినడకన పోవువారు. మూడింట రెండు వంతులు 18 మొదలు 45 ఏండ్ల వయసువారు. ఇంటికి సంపాదనపరుడు పోయినప్పుడు పోవునది ఒక్క ప్రాణము కాదు. ఎకరము అమ్ముడుపోవును, ఆడపిల్ల చదువు ఆగిపోవును, పత్రికలో వార్తయే లేని ఈ సంగతి ఊరిలో ప్రతి యిరుగుపొరుగునకును తెలియును.

పల్లెలకు కీడు చేయుచున్నది పల్లెదారి మాత్రమే కాదు, పల్లె మీదుగా పోవు పెద్ద రహదారి కూడ. దేశములోని మొత్తము రోడ్ల పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు వంతులు మాత్రమే. 2022లో ఆ రెండు వంతుల మీద 61,038 మంది, అనగా మొత్తము మృతులలో నూటికి 36 మంది, మరణించిరి. ఊరొకవైపు, పొలములు మరియొకవైపు. బడి ఒకవైపు, ఇండ్లు మరియొకవైపు. నడుమ నాలుగు వరుసల రహదారి. మహబూబునగరు ప్రాంతమున హైదరాబాదు–బెంగుళూరు రహదారి ప్రక్కనున్న పెద్దకుంట అను చిన్న తండాను గూర్చి కొన్నేండ్ల క్రిందట దేశవిదేశ పత్రికలు వ్రాసినవి. రహదారి దాటుచు ఆ తండా పురుషులు ఒకరి తరువాత ఒకరుగా మరణించిరనియు, మృతుల సంఖ్య ముప్పది దాటినదనియు, విధవలు మిగిలిన ఊరని దానికి పేరు పడినదనియు అవి తెలిపినవి. బియ్యమునకు, పింఛనునకు, పనికి—దేనికైనను రోడ్డు దాటియే పోవలెను. వారు దాటుట తప్పని ఎవరనగలరు?

రాంగు రూటులో పోవువారిని గూర్చి పట్టణములలో చులకనగా మాటలాడుట కలదు. ఊరి ముందర నడిమి గోడకు సందు లేదు. యూ టర్ను రెండు కిలోమీటర్ల దూరమున ఉన్నది. సర్వీసు రోడ్డు కాగితము మీద ఉన్నది. నెత్తిన గడ్డిమోపుతో మోపెడు మీద పోవు రైతు నాలుగు కిలోమీటర్లు తిరిగి వచ్చునా? రాడు. రానని రోడ్డు గీసిన ఇంజనీరునకు ముందే తెలిసియుండవలెను. మనుష్యులు తప్పు చేయుదురని తెలిసి, ఆ తప్పునకు మరణము శిక్ష కాకుండునట్లు రోడ్డు నిర్మింపవలెనని స్వీడన్ దేశము 1997లో తన పార్లమెంటు ద్వారా నిర్ణయించుకొన్నది. అచ్చట పొలముల నడుమ పోవు రోడ్లపై ఎదురెదురుగా ఢీకొనుట ఎక్కువగ ఉండెడిది. రోడ్డును మూడు వరుసలుగ చేసి, నడుమ ఇనుప తాళ్ళ కంచె కట్టిరి. కొంత దూరము ఒకవైపువారికి రెండు వరుసలు, మరికొంత దూరము రెండవవైపువారికి రెండు వరుసలు. అట్టి రోడ్లపై మరణములు చాల భాగము తగ్గినవి. ప్రజలకు నీతి బోధించి తగ్గించినవి కావు అవి. తాడు కట్టి తగ్గించినవి.

సంపన్న దేశములలో కూడ పల్లె రోడ్డే ఎక్కువ ప్రాణములు తీయుచున్నది. అమెరికాలో గ్రామీణ జనము ఐదింట ఒక వంతు. 2022లో రోడ్డు మరణములలో గ్రామీణ ప్రాంతముల వాటా నూటికి 41. బ్రిటనులో మరణములలో సగమునకు మించి గ్రామీణ రోడ్లపైననే జరుగుచున్నవి. ఖాళీ రోడ్డు, వేగము, దూరపు ఆసుపత్రి—కారణములు అన్నిచోట్ల ఒక్కటే. ట్రాలీలు, గేదెలు మాత్రము మన ప్రత్యేకత.

ఇక రోడ్డుపై ధాన్యమారబోయుట. కోతల కాలమున వడ్లు, మొక్కజొన్నలు, మిరపకాయలు రోడ్డు సగము ఆక్రమించును. రాత్రికి వాటిని కుప్పచేసి, నల్లని టార్పాలిన్ కప్పి, చుట్టును బండరాళ్ళు పేర్చి రైతు ఇంటికి పోవును. తెల్లవారి చూచునప్పటికి ఆ రాళ్ళ యొద్ద ఒక మోటారు సైకిలు పడియుండును. రైతును నిందించుట సులభము. ఊరి ఉమ్మడి కళ్ళములు ఏమైనవని అడుగుట కష్టము. ఉమ్మడి భూములు ఆక్రమణలకు పోయినవి. కోత యంత్రము నాలుగు గంటలలో పొలమంతయు కోసి తడి వడ్లను గుట్టపోయును. కొనుగోలు కేంద్రమున తేమ ఎక్కువున్నదని త్రిప్పి పంపుదురు. అట్టివానికి ఎండలో వేడెక్కిన తారు రోడ్డు కంటె మంచి కళ్ళము ఎక్కడ దొరకును? సిమెంటు కళ్ళములు కట్టించిన ఊళ్ళలో ఈ బెడద తగ్గును. కళ్ళము కట్టలేని ఊరిలో, రాళ్ళ బదులు ఇసుక మూటలు పెట్టించుటయు, సగము రోడ్డు వదలించుటయు పంచాయతి చేయగల పనియే.

మద్యమును గూర్చి రెండు మాటలు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యపు దుకాణము లుండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2017 మార్చి 31న దానిని సవరించి, ఇరువది వేలకు మించని జనాభా గల ఊళ్ళ యొద్ద ఆ దూరమును 220 మీటర్లకు తగ్గించినది. చిన్న ఊళ్ళలో అంత దూరము వదలిన స్థలమే మిగులదన్నది కారణము. దుకాణము దూరము కొలుచుటకు టేపు కలదు. ప్రతి వీధి కొసన నడచు బెల్టు షాపును కొలుచు టేపు లేదు. పట్నమున రాత్రివేళ పోలీసులు నోటిలో గొట్టము పెట్టి ఊదింతురన్న భయమైన కలదు. పల్లెదారిలో ఆ భయము కూడ లేదు.

దెబ్బ తగిలిన తరువాత జరుగునది వేరొక కథ. పట్నమునకును పల్లెకును గల అసలైన అంతరము ఇచ్చటనే కలదు. మనిషి ఒంటిలో ఇంచుమించు ఐదు లీటర్ల రక్తముండును. తొడ ఎముక విరిగినచో, చర్మము చిట్లకున్నను, లోలోపలనే లీటరుకు పైగా రక్తము కారిపోవచ్చును. రెండు లీటర్లు పోయినచో ప్రాణమునకు ముప్పు. కావుననే గాయపడిన తరువాతి మొదటి గంటను గోల్డెన్ అవరని వైద్యులందురు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టమున కూడ ఆ మాట చేరినది. నగరములో ప్రమాదము జరిగిన నిముసములోనే నలుగురు చూతురు. ఆసుపత్రి కొద్ది దూరములో ఉండును. పొలముల నడుమ కాలువలో పడినవానిని తెల్లవారు దాక చూచువారే ఉండరు. చూచిన తరువాత మండలపు ఆసుపత్రికి, అచ్చటనుండి జిల్లా ఆసుపత్రికి, అచ్చటనుండి హైదరాబాదుకో గుంటూరుకో విశాఖకో. చీటీ వ్రాసి పంపు ప్రతి చోటను ఒక గంట కరగును.

ఈ దూరమును తగ్గించుటకు తెలుగునాట మొదలైన ప్రయత్నమును ఒకదానిని చెప్పక తప్పదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సు సర్వీసు తరువాత అనేక రాష్ట్రములకు వ్యాపించినది. నేడు పల్లెలో బడి పిల్లవానికి కూడ ఆ అంకె తెలియును. ఫోను చేయునప్పుడు ఊరి పేరు మాత్రమే చెప్పక, ఏ రోడ్డు, ఏ కిలోమీటరు రాయి, ఏ వంతెన దాపున అని చెప్పినచో బండి వెదకుకొను పని తప్పును. బండి వచ్చులోపల గాయముపై శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగ అదిమి పట్టుట మేలు. స్పృహలేని వాని నోట నీళ్ళు పోయుట మన ఊళ్ళలో దయతో చేయు పని. ఆ నీళ్ళు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయగలవు. మెడకో వెన్నుకో దెబ్బ తగిలినవానిని ఇద్దరు చంకలు పట్టి ఎత్తి ఆటోలో మడచి కూర్చుండబెట్టినచో, బ్రతికినను కాళ్ళు చేతులు పడిపోవచ్చును. మంటయో, మరియొక బండి గ్రుద్దు అపాయమో లేనిచో కదల్పక ఉంచుటయే మంచిది.

సాయము చేసినచో సాక్ష్యమునకు కోర్టుల చుట్టు తిరుగవలసి వచ్చునన్న భయము ఊళ్ళలో నేటికిని పోలేదు. ఆ భయమునకు ఒకప్పుడు ఆధారముండెను. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఈ విషయమున మార్గదర్శకములకు చట్టబలము నిచ్చినది. 2019 సవరణలో 134ఎ సెక్షనుగా అది చట్టములోనే చేరినది. గాయపడినవానిని ఆసుపత్రిలో చేర్చినవాడు తన పేరు చెప్పనక్కర లేదు; ఇష్టము లేనిచో సాక్షిగ ఉండనక్కర లేదు; ఆసుపత్రివారు అతనిని డబ్బు అడుగరాదు. అట్టివారికి కేంద్ర ప్రభుత్వము 2021లో అయిదు వేల రూపాయల బహుమానము నేర్పరచి, 2025లో దానిని 25,000 చేసినది. మరియు 2025 మే 5న వెలువడిన పథకము ప్రకారము, రోడ్డు ప్రమాదములో గాయపడిన వారెవరికైనను ప్రమాదము జరిగిన ఏడు దినముల వరకు లక్షా యాబది వేల రూపాయల మేర ఖర్చుకు, గుర్తింపబడిన ఆసుపత్రులలో సొమ్ము కట్టనక్కర లేకుండ వైద్యము లభింపవలెను. గుద్ది పారిపోయిన బండి వలన మరణించినవారి కుటుంబమునకు 2022 ఏప్రిల్ 1 మొదలు రెండు లక్షలును, తీవ్రముగ గాయపడినవారికి యాబది వేలును పరిహారము. ఈ సంగతులు తెలియక అడుగనివారే ఊళ్ళలో ఎక్కువ. ట్రాక్టరు ట్రాలీలో ఎక్కిన కూలీల సంగతి మాత్రము వేరు. ట్రాలీ సరకులకే గాని మనుష్యులకు కాదు. అందు ఎక్కి మరణించినవారికి భీమా సొమ్ము చిక్కులలో పడుచుండును. కూలికి పిలిచిన ఆసామి ఈ మాట కూలీలకు ముందే చెప్పవలెను. అంతకంటె ఆటో కిరాయి ఇచ్చుట మంచిది, అదియు పదిమందిని క్రుక్కకుండ.

శిరస్త్రాణము, అనగా హెల్మెట్టు. 2022లో అది లేక మరణించినట్లు వ్రాయబడినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. మంచి హెల్మెట్టు మరణ భయమును నూటికి సుమారు 42 వంతులు, తలదెబ్బను 69 వంతులు తగ్గించునని పలు దేశముల పరిశోధనలను సరిపోల్చినవారు తేల్చిరి. పట్నములో దానిని పెట్టుకొందురు. కొందరు తల కొరకు, ఎక్కువమంది జరిమానా కొరకు. పట్నమునుండి వచ్చు యువకుడు టోలుగేటు దాటగానే దానిని తీసి అద్దమునకు తగిలించుట ఎవరును చూడని దృశ్యము కాదు. అపాయము తగ్గిన చోట పెట్టుకొని, హెచ్చిన చోట తీయుచున్నాడు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవానికి బండి ఇచ్చి ప్రమాదము జరిగినచో తండ్రికో, బండి యజమానికో మూడేండ్ల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా అని 2019 సవరణ చెప్పుచున్నది. "మావాడు పదేండ్లకే బండి నేర్చినాడు" అని మురియు తండ్రులకు ఇది తెలియుట మంచిది.

చివరిగా, ఊరు చేయగల ఒక చిన్న పని. ప్రమాదములు ఎక్కువగ జరుగు చోటును బ్లాక్ స్పాటుగా గుర్తించి సరిచేయించుటకు ప్రభుత్వమున ఒక కొలత కలదు. జాతీయ రహదారిపై ఇంచుమించు 500 మీటర్ల ముక్కలో, మూడేండ్లలో, మరణమో తీవ్ర గాయమో కలిగిన ప్రమాదములు ఐదు జరిగినను, లేదా పది మరణములు సంభవించినను అది బ్లాక్ స్పాటగును. జిల్లా కలెక్టరు అధ్యక్షతన నడచు రహదారి భద్రతా సంఘము ముందుకు ఇట్టి సంగతులు పోవును. "మా ఊరి మలుపు చెడ్డది, చాలమంది పోయినారు" అని వ్రాసిన అర్జీకి జవాబు రాదు. ఏ సంవత్సరము, ఏ తేది, ఏ వేళ, ఏ కిలోమీటరు రాయి, ఏ బండి, ఎందరు పోయిరి, ఎందరు గాయపడిరి అని వరుసగా వ్రాసి, దానిని గ్రామసభ తీర్మానముతో జతపరచినచో దానికి జవాబు చెప్పవలసివచ్చును. ఇరువదియైదేండ్లుగా దినపత్రికలను తేదీల వారీగ కట్టి భద్రపరచిన గ్రంథాలయమున ఆ వివరములలో సగము ఇప్పటికే అల్మారాలో ఉన్నవి. తక్కిన సగము ఊరి పెద్దల జ్ఞాపకములో ఉన్నవి. మూడేండ్ల పత్రికలను తిరుగవేసి, ఒక చేతి పుస్తకములో ఆ పద్దులు వ్రాయుటకు చదువుకొన్న ఇద్దరు పిల్లలకు వారము దినములు పట్టును.